విశాఖ బీచ్ దగ్గర ఇల్లు చూసుకునేవారికి నర్సుల మాట

జనవరి నెలలో ఉదయం ఏడు గంటలకు విశాఖపట్నం బీచ్ రోడ్డు పక్కన ఏ ఇల్లు చూసినా బాగానే ఉంటుంది. గాలి చల్లగా ఉంటుంది, సముద్రం శాంతంగా ఉంటుంది, బ్రోకరు ముందే వచ్చి కిటికీలన్నీ తీసి పెడతాడు. మనవాళ్లలో ఎక్కువమంది ఇల్లు ఖాయం చేసుకునేది అలాంటి రోజునే. సంక్రాంతి సెలవులకు వస్తారు, రెండు పూటలు ఇసుకలో నడుస్తారు, అడ్వాన్సు ఇచ్చి వెళ్తారు.

"బీచ్ దగ్గర చిన్న ఫ్లాట్ కొనుక్కుంటే ఎలా ఉంటుంది సిస్టర్ గారూ?" అని మమ్మల్ని అడిగేవారు ఏటేటా పెరుగుతున్నారు. వైద్యానికి వచ్చేవారే కాదు, మాతో కలిసి పనిచేసి రిటైరైన సిస్టర్లు కూడా అడుగుతున్నారు. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం వైపు ఉద్యోగాలు చేసినవారికి పట్నం అంటే విశాఖే కదా. ప్రావిడెంట్ ఫండు, గ్రాట్యుటీ, ఊళ్లో అమ్మిన పొలం డబ్బు అన్నీ కలిపి ఒక్క ఇంట్లో పెడతారు. పిల్లలు హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉంటారు. ఆ ఇంట్లో ఉండబోయేది అరవై దాటిన ఇద్దరు మనుషులు, వాళ్ల మందుల డబ్బా. ఒకసారి కొన్నాక మళ్లీ అమ్మి ఇంకో చోటికి మారే ఓపిక ఉండదు, డబ్బూ ఉండదు. ధరలు, దస్తావేజులు చూసిపెట్టడానికి వేరే మనుషులు ఉన్నారు. ఆ ఇంట్లో ఒకరికి జబ్బు చేసిన రోజున ఆ ఇల్లు ఎలా పనికొస్తుందన్నదే మేము చెప్పదలచుకున్నది.

గాలి ఎటు నుంచి వస్తుంది?

విశాఖ కొండల మధ్య గిన్నెలా ఉన్న ఊరు. ఉత్తరాన కైలాసగిరి, సింహాచలం కొండలు. దక్షిణాన యారాడ కొండ, దాని ముక్కులా సముద్రంలోకి పొడుచుకొచ్చిన డాల్ఫిన్స్ నోస్. ఓడరేవు, చమురు శుద్ధి కర్మాగారం, ఎరువుల ఫ్యాక్టరీ ఈ గిన్నె అడుగున ఉన్నాయి. ఏడాదిలో ఎక్కువ నెలలు గాలి నైరుతి నుంచి వీస్తుంది. అంటే అక్కడి పొగ, బొగ్గు ధూళి జ్ఞానాపురం, పాతపట్నం మీదుగా ఊళ్లోకి వస్తాయి. రాత్రిపూట గాలి పడిపోయినప్పుడు, ముఖ్యంగా చలికాలంలో, ఆ గిన్నెలోనే నిలిచిపోతాయి.

కాబట్టి "బీచ్ దగ్గర" అన్నంత మాత్రాన గాలి ఒకేలా ఉండదు. పాతపట్నం వైపు బీచ్ వేరు, వాల్తేరు మెరక మీది వీధులు వేరు, కైలాసగిరి దాటాక సాగర్‌నగర్, రుషికొండ వేరు. ఉబ్బసం, దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికి మల్కాపురం, గాజువాక, గంగవరం వైపు సముద్రం ఎంత దగ్గరున్నా మేము మంచిదని చెప్పం. కర్మాగారాలకు ఎంత దూరంలో ఉన్నామన్నది ఊరికే అడిగే మాట కూడా కాదు. 1997 సెప్టెంబరు 14న మల్కాపురం వైపు చమురు శుద్ధి కర్మాగారంలో గ్యాస్ అంటుకుంది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ వాయువు నిద్రపోతున్న జనం మీదికి వచ్చింది. ఇల్లు చూసేటప్పుడు చుట్టుపక్కల ఏయే ఫ్యాక్టరీలున్నాయో, గాలి ఏ నెలలో ఎటు నుంచి వస్తుందో తెలుసుకోవడం ఈ ఊళ్లో చాదస్తం అనిపించుకోదు.

ఇక సముద్రపు గాలి ఉబ్బసాన్ని తగ్గిస్తుందన్న నమ్మకం చాలామందిలో ఉంది. కొందరికి ధూళి తక్కువైనందువల్ల హాయిగా ఉంటుంది, నిజమే. కానీ తేమ ఎక్కువైన ఇంట్లో పరుపుల్లో, దిండ్లలో కంటికి కనిపించని డస్ట్ మైట్ పురుగులు పెరుగుతాయి, గోడల మీద బూజు పడుతుంది. ఈ రెండూ ఉబ్బసాన్ని రేపేవే. ఇల్లు చూసినప్పుడు బీరువా వెనక, స్నానాల గది పైకప్పు మూలల్లో, మంచం తలవైపు గోడ కింద చూడండి. కొత్తగా సున్నం వేసిన ఇంట్లో ఇవి కనిపించవు. పక్క వాటాలోనో, కింది ఫ్లాట్‌లోనో ఉన్నవారిని ఒక మాట అడగండి.

మన వేసవి సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. విజయవాడలో 43 డిగ్రీలు ఉన్నప్పుడు విశాఖలో 35 అని పేపర్లో చూసి ఇక్కడ ఎండ దెబ్బ ఉండదనుకుంటారు. ఒళ్లు చల్లబడేది చెమట పట్టినందువల్ల కాదు, ఆ చెమట ఆరినందువల్ల. తేమ నిండిన గాలిలో చెమట ఆరదు, కారిపోతుంది. ఒంట్లో నీరు, ఉప్పు పోతాయి, వేడి మాత్రం లోపలే ఉంటుంది. బి.పి.కి నీరు పోయే మాత్రలు వాడే పెద్దవాళ్లు మే, జూన్ నెలల్లో కళ్లు తిరిగి పడిపోయేది ఇందుకే. ఇలాంటి ఊళ్లో గది గుండా గాలి ఆడడం విలాసం కాదు, అవసరం.

సముద్రం మనకు ఆగ్నేయంగా ఉంది. వేసవి గాలి ఎక్కువగా దక్షిణం, నైరుతి వైపుల నుంచి వస్తుంది. మనవాళ్లు తూర్పు వాకిలి ఉందా, ఈశాన్యం పెరిగిందా అని కొలతలు వేస్తారు గాని పడకగదికి దక్షిణాన కిటికీ ఉందా అని చూడరు. తూర్పు బాల్కనీలో నిలబడితే సముద్రం కనిపిస్తుంది. కానీ మధ్యాహ్నం మూడింటికి పడుకున్న మనిషికి కావలసింది ఎదురెదురుగా ఉన్న రెండు కిటికీలు. బీచ్‌కు రెండో వీధిలో, ముందు వరస అపార్ట్‌మెంట్ల వెనక ఉన్న ఇంటికి సముద్రపు చెమ్మ వస్తుంది, గాలి రాదు. అన్నిటికంటే ఇబ్బంది అలాంటి ఇంట్లోనే.

బోరు నీళ్లు

సముద్రం ఒడ్డున ఇల్లు కొనేవారిని మేము మొదట అడిగే ప్రశ్న నీళ్ల గురించే. తీరంలో నేల కింద మంచి నీళ్లు ఉప్పు నీళ్ల మీద తేలుతున్నట్టు ఉంటాయి. పక్కపక్కన అపార్ట్‌మెంట్లు లేచి, ఒక్కొక్కటి లోతుగా బోరు వేసి తోడుతుంటే మంచి నీళ్ల పొర పలచబడి ఉప్పు నీళ్లు పైకి వస్తాయి. లోపలి నుంచి కూడా ఉప్పు నీరు చొరబడుతుంది. వానాకాలం తర్వాత తియ్యగా ఉన్న బోరు ఏప్రిల్, మే నెలలకు ఉప్పగా మారిపోవచ్చు. కొనేవాళ్లు రుచి చూసేది జనవరిలో.

నగరానికి తాటిపూడి, రైవాడ, మేహాద్రిగెడ్డ రిజర్వాయర్ల నుంచి, ఏలేరు కాలువ నుంచి నీళ్లు వస్తాయి. మీరు చూస్తున్న భవనానికి కార్పొరేషన్ కుళాయి కనెక్షను ఉందా, ఎన్ని వాటాలకు ఎంతసేపు వస్తుంది, ఆ నీళ్లు, బోరు నీళ్లు ఒకే సంపులో కలుపుతున్నారా అన్నది వాచ్‌మన్ భార్యను అడగండి. నీళ్లు పట్టేది, మోసేది ఆవిడే కాబట్టి అసలు సంగతి ఆవిడకు తెలుస్తుంది. వేసవిలో ట్యాంకర్లు వస్తాయా, వస్తే వారానికి ఎన్ని వస్తాయో కూడా ఆవిడే చెబుతుంది.

నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని టి.డి.ఎస్. అంటారు. భారత ప్రమాణాల ప్రకారం తాగే నీటిలో ఇది లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీళ్లు దొరకని చోట 2,000 వరకు ఒప్పుకుంటారు. ఇందులో మనం ప్రత్యేకంగా చూడవలసింది సోడియం. లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటితే చాలామందికి నాలుకకు తెలుస్తుంది, కొన్ని నెలలు తాగితే అలవాటై తెలియడం మానేస్తుంది.

లెక్క చూడండి. లీటరుకు 500 మిల్లీగ్రాముల సోడియం ఉన్న నీళ్లు రోజుకు మూడు లీటర్లు ఒంట్లోకి పోతే, అంటే తాగేవి, అన్నంలోకి, పప్పులోకి, టీలోకి పోసేవి కలిపి, 1,500 మిల్లీగ్రాముల సోడియం. అది దాదాపు నాలుగు గ్రాముల ఉప్పుతో సమానం. పెద్దవారికి రోజంతటికీ 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే ఒక్క మెతుకు పచ్చడి తినకుండానే ఆ రోజు కోటా చాలావరకు అయిపోయింది. ఆవకాయ మానేశాను, అప్పడాలు మానేశాను, బి.పి. ఎందుకు తగ్గడం లేదు సిస్టర్ గారూ అని తీరం నుంచి వచ్చినవారు అడిగితే, ఏ నీళ్లతో వండుతున్నారని మేము తిరిగి అడుగుతాం. బంగ్లాదేశ్ తీరంలో ఉప్పు నీళ్లు తాగే గర్భిణులలో బి.పి. ఎక్కువగా ఉన్నట్టు అక్కడ జరిగిన పరిశీలనల్లో తేలింది. గుండె బలహీనంగా ఉన్నవారికి, కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఇది ఇంకా ముఖ్యం.

నీళ్లు మరిగిస్తే క్రిములు చస్తాయి, ఉప్పు పోదు. పైగా నీరు ఆవిరై ఉప్పు ఇంకాస్త చిక్కబడుతుంది. గుడ్డలో వడపోసినా, మామూలు క్యాండిల్ ఫిల్టరులో పోసినా పోదు. ఆర్.ఓ. యంత్రం తీసేస్తుంది, కానీ అది మంచి నీళ్లకంటే ఎక్కువ నీళ్లు పారబోస్తుంది, కరెంటు లేకపోతే నడవదు. ఆర్.ఓ. ఉన్న ఇళ్లలో కూడా తాగడానికి ఆ నీళ్లు, వంటకు మాత్రం బోరు నీళ్లు వాడడం మేము చూస్తుంటాం. వంటకూ ఆ నీళ్లే వాడండి. ఇల్లు చూడడానికి వెళ్లినప్పుడు శుభ్రమైన సీసాలో ఒక లీటరు బోరు నీళ్లు పట్టుకొచ్చి పరీక్ష చేయించండి. వీలైతే మే నెలలో. అక్కడికక్కడే తెలుసుకోవాలంటే సబ్బు నురగ ఎలా వస్తోందో, కుళాయి మూతి చుట్టూ తెల్లటి పెచ్చు కట్టిందో లేదో చూడండి.

దోమల సంగతి

సముద్రపు గాలికి దోమలు నిలవవని చెప్పే బ్రోకర్లున్నారు. తొమ్మిదో అంతస్తు బాల్కనీలో అది కొంత నిజం కావచ్చు. కొండల మీది నుంచి దిగి ఊరిగుండా సముద్రంలోకి పోయే గెడ్డలు విశాఖలో చాలా ఉన్నాయి. ఒకప్పుడు వాన నీటి కోసం ఉన్నవి ఇప్పుడు ఏడాది పొడుగునా మురుగే మోస్తున్నాయి. గెడ్డ సముద్రంలో కలిసే చోట ఇసుక మేట వేసి నీరు నిలుస్తుంది, అక్కడ క్యూలెక్స్ దోమ పుడుతుంది. బోదకాలు ఈ తీరానికి కొత్త జబ్బు కాదని మన పెద్దలకు తెలుసు. అందుచేత ఇంటికి సముద్రం ఎంత దూరమో అడిగిన వెంటనే గెడ్డ ఎంత దూరమో అడగండి. భారీ వాన కురిసినప్పుడు గెడ్డ పొంగి నీళ్లు ఎంతవరకు వచ్చాయో కూడా అడగాలి.

పట్నం మలేరియా దోమకు మురుగు అక్కరలేదు. మూతలేని ఓవర్‌హెడ్ ట్యాంకు, కట్టడం ఆగిపోయిన భవనంలో నిలిచిన నీళ్లు దానికి చాలు. డెంగ్యూ దోమ పూలకుండీ పళ్లెంలో, కొబ్బరి చిప్పలో, ఏ.సి. కింద పెట్టిన బకెట్‌లో కూడా పుడుతుంది, పగటిపూట కుడుతుంది. గుడ్డు దోమగా మారడానికి వారం, పది రోజులు చాలు కాబట్టి వారానికోసారి ఈ నీళ్లన్నీ వంచెయ్యాలి. మధురవాడ, ఎండాడ, రుషికొండ వైపు ఇంకా కట్టడాలు సాగుతున్న లేఅవుట్లలో మీ ఇల్లు ఎంత శుభ్రంగా ఉన్నా పక్క స్థలంలో సెంట్రింగు పని నీళ్లు నిలిచి ఉంటాయి. మేడ ఎక్కి ట్యాంకు మూత చూసి రండి. ఇల్లు చూపించేవాళ్లు మేడ మీదికి తీసుకెళ్లేది సముద్రం చూపించడానికి. మీరు వెనక్కి తిరిగి ట్యాంకు చూడండి.

తుప్పు, తేమ, మందుల డబ్బా

ఉప్పు గాలి ఇనుమును తినేస్తుందని అందరికీ తెలుసు. మేడ మెట్ల రెయిలింగు పట్టుకుని ఒకసారి గట్టిగా ఊపి చూడండి, తూలిన మనిషి పట్టుకునేది దాన్నే. స్లాబు అడుగున పెచ్చులూడి కమ్మీ కనిపిస్తుంటే ఆ ఇంట్లో మంచం ఎక్కడ వేసినా ప్రమాదమే. స్విచ్‌బోర్డుల్లో, గీజరులో తుప్పు పట్టి షాకు కొట్టే అవకాశం ఎక్కువ, కాబట్టి కరెంటు లీకైతే ఆగిపోయే బ్రేకరు ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించుకోండి. తడి గాలికి నున్నటి టైల్స్ మీద సన్నటి నీటి పొర కడుతుంది. తుంటి ఎముక విరిగి మా దగ్గరికి వచ్చే పెద్దవాళ్లలో చాలామంది పడింది రోడ్డు మీద కాదు, బాత్‌రూముకు వెళ్లే దారిలో.

మందుల గురించి తక్కువమందికి తెలిసిన ఒక సంగతి. ఇంట్లో సుగరు చూసుకునే గ్లూకోమీటరు స్ట్రిప్పులకు తేమ శత్రువు. డబ్బా మూత సరిగా పెట్టకపోతే, స్ట్రిప్పులు తీసి వేరే కవరులో వేసుకుంటే అంకె తప్పుగా వస్తుంది. ఆ తప్పు అంకె చూసి ఇన్సులిన్ వేసుకుంటారు! మాత్రలు కూడా స్ట్రిప్పులోంచి ముందే తీసి వారానికి సరిపడా గిన్నెల్లో పెట్టుకుంటే కొన్ని మెత్తబడిపోతాయి. సముద్రం పక్కకు మారినవాళ్లు మందులను వంటగదిలో, బాత్‌రూము అల్మారాలో పెట్టకూడదు.

హుద్‌హుద్ నేర్పింది

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను గంటకు 180 కిలోమీటర్ల గాలితో విశాఖ మీదనే తీరం దాటింది. తుఫాను కన్ను ఊరి మీదుగా పోవడంతో మధ్యలో గాలి ఆగినట్టయింది. గండం గడిచిందని కొందరు బయటికి వచ్చారు. తర్వాత గాలి వ్యతిరేక దిక్కు నుంచి మళ్లీ మొదలైంది. అద్దాల గోడలు, పెద్ద గాజు తలుపులు పగిలి ముక్కలు గదుల్లోకి ఎగిరాయి. సముద్రం బాగా కనబడాలని గోడంత అద్దం పెట్టిన ఇల్లు కొనేవారు ఆ ఒక్క రోజును తలచుకోవాలి. ఇంట్లో అద్దం లేని గది, నాలుగు గోడలూ ఉన్న గది ఒక్కటైనా ఉండాలి.

తుఫాను వెళ్లిపోయాక అసలు కష్టం మొదలయింది. చెట్లు పడి దారులు మూసుకుపోయాయి. చాలా పేటలకు రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు లేకపోతే మోటారు లేదు, మోటారు లేకపోతే పై అంతస్తుకు నీళ్లు లేవు, లిఫ్టు లేదు. ఫోన్లు పనిచేయలేదు. ఎనిమిదో అంతస్తులో ఆక్సిజన్ కాన్సెంట్రేటరు మీద ఉన్న మనిషికి, రెండు రోజులకోసారి డయాలసిస్‌కు వెళ్లవలసిన మనిషికి, ఫ్రిజ్‌లో ఇన్సులిన్ పెట్టుకున్న మనిషికి ఇది వార్త కాదు, ప్రాణం. అందుకే మోకాళ్ల నొప్పులు, గుండె జబ్బు ఉన్నవారికి మొదటి లేదా రెండో అంతస్తు మేలని మా అభిప్రాయం. మరీ ఒడ్డున, పల్లంలో గ్రౌండ్ ఫ్లోర్ వద్దు. ఎత్తయిన అంతస్తే కావాలంటే జనరేటరు లిఫ్టుకు, నీటి మోటారుకు కూడా పనిచేస్తుందా, కేవలం మెట్ల దీపాలకేనా అని అడిగి తెలుసుకోండి. లిఫ్టులో పడుకోబెట్టిన మనిషితో సహా స్ట్రెచర్ పడుతుందో లేదో టేపుతో కొలవండి. చాలా అపార్ట్‌మెంట్లలో పట్టదు. కుర్చీలో కూర్చోబెట్టి మెట్ల మీదుగా దింపాలి, మెట్ల మలుపు ఇరుకైతే అదీ కష్టమే.

ఎత్తు గురించి అడగడానికి అసలైన మనుషులు జాలరిపేటల వాళ్లు. లాసన్స్ బే దగ్గర పెద జాలరిపేట, సాగర్‌నగర్ దారిలో జోడుగుళ్లపాలెం, రుషికొండ దాటాక మంగమారిపేట, ఇలా ప్రతి రెండు మూడు కిలోమీటర్లకూ ఒక పేట ఉంది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు సముద్రం ఎంత వెనక్కి పోయింది, హుద్‌హుద్‌లో కెరటం ఎక్కడిదాకా వచ్చింది, ఏ చోట ఇసుక ఏటా కోసుకుపోతోంది అన్నీ వాళ్లు చేత్తో చూపిస్తారు. ఆర్.కె. బీచ్‌లో ఇసుక కోత చాలా ఏళ్లుగా ఉంది. హార్బరు గోడలు కట్టాక దక్షిణం నుంచి సహజంగా కొట్టుకొచ్చే ఇసుక ఆగిపోవడంతో, ఓడరేవు వాళ్లు డ్రెడ్జింగు చేసిన ఇసుకను తెచ్చి పోస్తుంటారు. తీరప్రాంత నియంత్రణ నిబంధనలు, అంటే సి.ఆర్.జెడ్., ఉన్నవి ఇందుకే. 2019 నోటిఫికేషను ప్రకారం జనసాంద్రత తక్కువ ఉన్న గ్రామీణ తీరంలో పోటు గీత నుంచి 200 మీటర్ల లోపు కొత్తగా ఇల్లు కట్టకూడదు. భీమిలి వైపు "సముద్రానికి ఆనుకుని" అని ప్రకటించే స్థలాలు చూసేవారు దీన్ని వుడా, అంటే ఇప్పటి వి.ఎం.ఆర్.డి.ఏ. కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి.

ఆసుపత్రికి ఎన్ని నిమిషాలు?

కిలోమీటర్లు అడగకండి, నిమిషాలు అడగండి. పక్షవాతం వచ్చిన మనిషికి రక్తపు గడ్డను కరిగించే ఇంజక్షను నాలుగున్నర గంటల లోపు పడాలి. అందులో స్కానింగుకు, పరీక్షలకు పోయే సమయం ఉంది. మూతి వంకర పోయిందని ఇంట్లోవాళ్లు గమనించేసరికే కొంత పోయి ఉంటుంది. గుండెపోటుకు ప్రతి అరగంటా లెక్కే. 108 వాహనం 2005 నుంచి మన రాష్ట్రంలో తిరుగుతోంది, మంచి సేవ. కానీ అది కూడా అదే రోడ్డు మీద రావాలి.

పాండురంగాపురం, కిర్లంపూడి లేఅవుట్, చిన వాల్తేరు నుంచి కింగ్ జార్జ్ ఆసుపత్రి దగ్గరే. 1923 నుంచి ఉత్తరాంధ్రకు పెద్ద దిక్కు అదే. ఛాతీ ఆసుపత్రి, మానసిక వైద్యశాల చిన వాల్తేరులోనే ఉన్నాయి. లాసన్స్ బే కాలనీ, ఎం.వి.పి. కాలనీ వాళ్లకు హనుమంతవాకలోని విమ్స్ కూడా దగ్గరవుతుంది. ఎం.వి.పి., అంటే పాత మువ్వలవానిపాలెం, బీచ్‌కు కాస్త లోపలికి ఉంది. అక్కడి బాల్కనీల్లోంచి సముద్రం కనిపించదని కొందరు పెదవి విరుస్తారు. రైతు బజారు, మందుల షాపులు, రక్తపరీక్ష చేసే ల్యాబు, ఆటోలు అన్నీ నడిచే దూరంలో ఉన్న ఆ కాలనీయే డెబ్బై ఏళ్ల దంపతులకు మేము మొదట చెబుతాం. సాయంత్రం ఒక ఆటో ఎక్కితే సముద్రం ఎక్కడికీ పోదు.

సాగర్‌నగర్, రుషికొండ గాలికి, నడకకు బాగుంటాయి. ఇంకా ఒంట్లో శక్తి ఉండి, సొంతంగా కారు నడిపేవారికి సరిపోతాయి. అయితే ఆదివారం సాయంత్రం బీచ్ రోడ్డు మీద ఒకసారి రుషికొండ నుంచి కె.జి.హెచ్. దాకా గడియారం చూసుకుని ప్రయాణం చేయండి. నౌకాదళం విన్యాసాల రోజున ఆర్.కె. బీచ్ చుట్టూ దారులు మళ్లిస్తారు, ఆ ఒక్క రోజుకూ వేరే దారి తెలిసి ఉండాలి. భీమిలి చాలా పాత ఊరు. 1861లోనే మునిసిపాలిటీ అయింది. గోస్తనీ సముద్రంలో కలిసే చోట సాయంత్రాలు ఎంతో ప్రశాంతంగా ఉంటాయి. నగరంలోని పెద్ద ఆసుపత్రులకు పాతిక కిలోమీటర్లకు పైగా ప్రయాణం. స్టెంటు వేయించుకున్నవారు అది ఆలోచించుకోవాలి. యారాడకు కొండ ఎక్కి దిగి వెళ్లాలి. అక్కడి సముద్రం అందమైనదే, రాత్రి రెండు గంటలకు ఆ ఘాట్ రోడ్డు మీద నొప్పితో రావడం వేరు.

మనవలు సెలవులకు వచ్చే ఇల్లయితే ఇంకొక మాట. మన తీరంలో కెరటం వెనక్కి లాగే ప్రవాహాలు బలమైనవి. ఆర్.కె. బీచ్, రుషికొండ, యారాడ అన్నిచోట్లా ఈత వచ్చిన యువకులే మునిగిపోతున్నారు. మోకాలి లోతు దాటనివ్వకండి. ప్రవాహంలో చిక్కుకుంటే ఒడ్డుకు ఎదురీదకుండా తీరం వెంబడి పక్కకు ఈది, లాగడం తగ్గాక ఒడ్డుకు రావాలి. నీళ్లలోంచి తీసిన మనిషి ఊపిరి తీయకపోతే పొట్ట నొక్కి నీళ్లు కక్కించే ప్రయత్నంలో కాలం పోగొట్టవద్దు. నోటితో ఊపిరి ఊదుతూ ఛాతీ నొక్కడం వెంటనే మొదలుపెట్టాలి. మా ఆసుపత్రిలో నర్సింగు విద్యార్థినులు బొమ్మ మీద దీన్ని నేర్పుతారు, అడిగితే ఇంటిల్లిపాదికీ నేర్పుతారు.

కొనడానికి తొందరపడకండి. నచ్చిన పేటలో ముందు ఏడాది అద్దెకు ఉండండి. అద్దెకు దిగేది ఏప్రిల్‌లో అయితే వేసవి బోరు నీళ్లు, జూన్ ఉక్కపోత, ఆగస్టు దోమలు, అక్టోబరు వానలు అన్నీ వరసగా తెలుస్తాయి. డిసెంబరు వచ్చేసరికి ఆ వీధి మందుల షాపతనికి మీ పేరు తెలిసిపోతుంది, మీకు అక్కడ ఉండబుద్ధి అవుతుందో లేదో కూడా తెలుస్తుంది. అద్దె ఇల్లయినా, సొంత ఇల్లయినా, చూడడానికి వెళ్లేటప్పుడు వెంట ఒక ఖాళీ సీసా, ఒక కొలత టేపు, ఇంట్లో అందరికంటే మోకాళ్ల నొప్పులు ఎక్కువ ఉన్న మనిషిని తీసుకువెళ్లండి. మెట్లు ముందు ఆ మనిషిని ఎక్కనివ్వండి.